పొగ పోయే దారి

"మామా, సైలెన్సర్ మార్పిద్దాం. మూడించుల పైపు, స్ట్రెయిట్‌గ. సౌండ్ గిట్లుంటది, ఇను" అని మా అక్క కొడుకు ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. అందులో ఏదో కారు గొంతు చించుకుంటోంది. వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న టర్బో పెట్రోలు కారు. వెయ్యి సీసీ, మూడు సిలిండర్లు. హన్మకొండ చౌరస్తాలో ఆ గొంతుతో పోతే ఎవరెవరు చూస్తారన్నది వాడి లెక్క. ఎవరు ఆపుతారన్నది నా లెక్క.

టర్బో అనగానే రేసుకారు సామాను అనుకుంటారు ఈ పిల్లలు. మేడారం జాతరకు జనాన్ని కుక్కుకుని పోయిన తవేరాలో ఉన్నదీ టర్బోనే. ఒకప్పుడు ఊరంతా తిరిగిన 1,248 సీసీ స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నదీ అదే. నాకైతే దానితో పరిచయం కాజీపేటలో, రైలు పట్టాల పక్కన. అక్కడి డీజిల్ లోకో షెడ్ ఇంజన్లు, 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2లు, గూడ్స్ బండిని లాగడం మొదలుపెట్టగానే నల్లటి పొగ బుస్సున లేచేది. కాసేపటికి బండి వేగం అందుకుంటుంటే ఆ పొగ తనంతట తనే పలచబడేది. ఎందుకో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. డ్రైవర్ నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే పెరుగుతుంది. గాలి మాత్రం టర్బో తిరగడం అందుకున్నాకే పెరుగుతుంది. ఆ మధ్యలో సగం కాలిన డీజిలే ఆ నలుపు. బయటికి పోయే పొగతోనే చక్రం తిప్పించి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలి కొట్టించాలన్న ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు.

కాబట్టి టర్బో బండిలో పొగను చెత్త లెక్కన చూడకూడదు. పోతూ పోతూ పనిచేసి పోతుంది. అందుకే టర్బోకు ముందు పైపుకు ఒక న్యాయం, తర్వాత పైపుకు ఒక న్యాయం. ముందు వైపు వేడి చల్లారకూడదు, పొగ వేగం తగ్గకూడదు, సూది మొనంత సందు కూడా ఉండకూడదు. తర్వాతి వైపు పొగ ఎంత తేలిగ్గా పోతే అంత మంచిది, ఎందుకంటే చక్రం తిరిగేదే రెండు వైపుల ఒత్తిడి తేడా మీద. "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలె సార్" అని పాత మెకానిక్‌లు చెప్పే మాటకు టర్బో వెనక చోటు లేదు.

అట్లని మూడించులా? రెండించుల పైపు కంటే మూడించుల పైపు నోరు రెండుంపావు రెట్లు పెద్దది. నూటపది హార్స్‌పవర్ బండికి అంత పొగే లేదు. పైగా ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ పైపు తగులుతుంది. సౌండ్ సంగతి ఇంకా అన్యాయం. టర్బైన్ రెక్కలు పొగ దెబ్బలను ముందే ముక్కలు చేసేస్తాయి, అంటే అదే సగం సైలెన్సర్. దాని వెనక ఖాళీ గొట్టం పెడితే ఫోన్‌లో విన్న ఎనిమిది సిలిండర్ల గర్జన రాదు, మూడు సిలిండర్ల గురక వస్తుంది.

ఇక స్ట్రెయిట్ పైపు అంటే మధ్యలో పొగను శుభ్రం చేసే క్యాట్‌కాన్ పీకేయడమే. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ మీద ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూసిన డబ్బా అది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండిలో దాన్ని తీసేస్తే వెనక సెన్సర్ ఊరుకోదు, పీ0420 అని కోడ్ చూపించి ఇంజన్ లైటు వెలిగిస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వది సైలెన్సర్ గురించే. అది సరే, "ఊరికే తీసిపెడతా" అనేవాడు దొరికితే మాత్రం ఆ డబ్బా ఎవరి దగ్గర మిగులుతుందో చూసుకోవాలి. ఆ మూడు లోహాలూ ఊరికే రావు.

ఇదంతా నేను చెప్తే వాడు వినడని ఆటోనగర్‌లో మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. "సౌండ్ సంగతి తర్వాత జూద్దాం తమ్మీ. బండి రాత్రికి ఈడనే ఇడ్సిపెట్టు. పొద్దుగాల సల్లగున్నప్పుడు ఇంట" అన్నాడు భాయ్.

పొద్దున బానెట్ ఎత్తి స్టార్ట్ చేస్తే టిక్‌టిక్‌మని కుట్టుమిషన్ చప్పుడు. మూడు నిమిషాల్లో అదే మాయమైంది. వేడికి ఇనుము ఉబ్బి సందు మూసుకుపోతుందట. మధ్యాహ్నం తీసుకొచ్చి ఉంటే ఎవరికీ దొరికేది కాదు. ఇంజన్ ఆపి, చల్లారాక వేడి అడ్డుకునే రేకు విప్పి టార్చి కొట్టాడు. హెడ్‌కూ టర్బోకూ మధ్య గ్యాస్కెట్ దగ్గర, పిల్లవాడు కన్ను నలుపుకుంటే చెదిరిన కాటుకలా నల్లటి చార. ఒక స్టడ్‌కు ఎవరో హార్డ్‌వేర్ షాపు నట్టు బిగించారు. అక్కడ రాగి పూత నట్లు వేయాలి, మామూలువి ఆ వేడికి పట్టు వదులుతాయి.

కింద ఫ్లెక్స్ పైపు జాలీ కూడా పోగులు లేచింది. దుకాణంలో "ప్యూర్ ఎస్ఎస్" అని ఇచ్చిన ముక్కకు భాయ్ పాత స్పీకర్ అయస్కాంతం తగిలించాడు. టక్కున అంటుకుంది. అంటుకున్నంత మాత్రాన మోసం కాదు. 409 రకం స్టీలు అంటుకుంటుంది, పైపులకు బాగానే ఆగుతుంది. 304 అంటుకోదు, మెరుస్తుంది, వేడికి ఎక్కువ సాగుతుంది కూడా. 304 రేటు తీసుకుని 409 అంటగడితేనే గొడవ. భాయ్ రేటు తగ్గించి అదే వేయించాడు.

చివరి డబ్బా విప్పి వంచితే తుప్పు రంగు నీళ్లు గ్లాసుడు కారాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. రోజూ నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా పోయి ఆపేసే బండిలో ఆ నీరు ఆరేంత వేడి సైలెన్సర్‌కు ఎక్కదు. దాని అడుగున చిన్న చిల్లి ఉన్నది అందుకే. మనవాడు దాన్ని లీకు అనుకుని ఎం-సీల్ పెట్టాడు!

మొత్తం మీద కొన్నది ఒక గ్యాస్కెట్, నట్లు, స్టడ్‌లు, ఫ్లెక్స్, రెండు రబ్బర్ హ్యాంగర్లు. మూడించుల పైపు దుకాణంలోనే ఉంది.

"మామా, ఉన్న సప్పుడు గూడ తగ్గింది" అని వాడు మూతి ముడుచుకున్నాడు. ములుగు రోడ్డు ఎక్కి, ఊరు దాటాక మూడో గేరులో కాలు గట్టిగా నొక్కాడు. ముల్లు రెండు వేలు దాటగానే ముందు నుంచి సన్నగా ఈల లాంటిది వచ్చింది.

"గదేంది?"

నేను చెప్పేలోపే పాటలు బంద్ చేసి, అద్దం దించి, గేరు తగ్గించి మళ్లీ తొక్కాడు.