ఉచితంగా వచ్చిన నురగ

మా ఇంట్లో మంచం కింద ఆరు సీసాల ఫినాయిలు ఉంది. మాదేమీ ఆస్పత్రి కాదు. రెండు గదులు, ఒక వంటిల్లు, తుడవడానికి ఒక పాత గుడ్డ. అయినా ఆరు సీసాలు ఎందుకున్నాయంటే, నేను డబ్బు ఆదా చేశాను గనుక!

సంగతి ఇదీ. మేం నెల సరుకులు తెచ్చుకునే దుకాణంలో వంద రూపాయలకు ఒక పాయింటు చొప్పున ఖాతాలో జమ వేస్తారు. పాయింటు విలువ అర్ధ రూపాయి. నాలుగు వందలు నిండితే గాని వాడుకోవడానికి లేదు; ఏడాది దాటితే ఉన్నవి కూడా చెల్లవు. గడువు రేపు తీరుతుందనగా మా లెక్కలో 380 ఉన్నట్టు తెలిసింది. 190 రూపాయలు గంగపాలవుతున్నాయే అని ప్రాణం కొట్టుకుంది. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. అడిగే దిక్కు లేదు. పరుగున వెళ్లి రెండు వేల రూపాయల సరుకు కొన్నాను. ఫినాయిలు మూడు కొంటే మూడు ఉచితం. మిగతా సరుకూ అదే బాపతు. ఇరవై పాయింట్లు పడ్డాయి, రెండు వందల కూపను వచ్చింది. లంకను జయించినవాడిలా ఇంటికొచ్చాను.

ఆ రాత్రి ఆ సీసాలను చూస్తుంటే పాత కథ ఒకటి గుర్తొచ్చి పుస్తకం తీశాను. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో 1963లో ప్రచురించిన 'మార్కోవాల్డో'. దీన్ని విలియం వీవర్ 1983లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇరవై కథలు. నాలుగు ఋతువులు అయిదు చుట్లు తిరుగుతాయి. కథానాయకుడు ఒక పారిశ్రామిక నగరంలో మూటలు మోసే కూలివాడు. జీతం చిన్నది, సంసారం పెద్దది. నగరం మధ్యలో ఎక్కడైనా ఒక ఆకో, పిట్టో కనిపిస్తుందేమోనని వెతుక్కునే అమాయకుడు.

నాకు గుర్తొచ్చింది పదిహేడవ కథ: 'పొగ, గాలి, సబ్బు బుడగలు'. సబ్బుపొడి కంపెనీలు పోటీలు పడి ఇంటింటి తపాలా పెట్టెల్లో చీటీలు పడేస్తాయి. చీటీ చూపిస్తే ఒక నమూనా పెట్టె ఉచితం. మార్కోవాల్డో పిల్లలు తమ చీటీతో ఆగరు. ఊళ్లో పెట్టెలన్నీ గాలించి చీటీలు పోగు చేస్తారు, దుకాణాల చుట్టూ తిరిగి సబ్బుపొడి తెస్తారు. ఇల్లు గోదాం అవుతుంది. తండ్రికి ఇదంతా అమ్మి డబ్బు చేసుకోవాలని ఆశ పుడుతుంది. ఊరికే వచ్చేదాన్ని ఎవరు కొంటారు? అమ్మకం సాగదు. పైగా చీటీలు మాయమవుతున్న సంగతి బయటికి పొక్కి భయం పట్టుకుంటుంది. చివరికి సరుకంతా నదిలో పారబోస్తారు. నది నురగలు కక్కుతుంది. బుడగలు లేచి ఊరంతా రంగురంగులుగా తేలుతాయి. కాసేపే. ఆ పైన ఫ్యాక్టరీల నల్లపొగ మిగులుతుంది.

కాల్వినో గొప్పతనం ఏమిటంటే, ఆశపడ్డవాణ్ణి చెంపదెబ్బ కొట్టి నీతి చెప్పడు. మొదటి కథలో ఇదే మార్కోవాల్డో రోడ్డు పక్కన పుట్టగొడుగులు మొలిస్తే సంబరపడతాడు. అవి తిని ఆస్పత్రి పాలవుతాడు. ఇక్కడ చీటీలూ అలాంటి పుట్టగొడుగులే. విత్తు నాటకుండా, నీరు పోయకుండా మొలిచాయి. పేదవాడు వాటిని దైవం ఇచ్చిన పంట అనుకోవడంలో వింత లేదు. నాటినవాడు మరొకడున్నాడని ఆ ఆనందంలో తోచదు.

ఆ నాటే విద్య పాతది. అమెరికాలో 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే కంపెనీ ఆకుపచ్చ బిళ్లలు అచ్చువేయడం మొదలుపెట్టింది. దుకాణదారు వాటిని కంపెనీ దగ్గర కొని, సరుకు కొన్నవాళ్లకు లెక్కప్రకారం ఇచ్చేవాడు. వాళ్లు పుస్తకంలో అంటించుకుని, పుస్తకాలు నిండాక సామాను తెచ్చుకునేవాళ్లు. దుకాణదారు బిళ్లలకు పెట్టిన డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? సరుకు ధరలోంచైనా రావాలి, పెరిగిన బేరంలోంచైనా రావాలి. మన పాయింట్లకూ అదే సూత్రం. బిళ్లకు బదులు ఫోను నంబరు వచ్చింది, అంతే తేడా.

ఇంతవరకూ కథకు నేను దాసోహం. తర్వాత మా ఆవిడ ఊరినుంచి వచ్చింది. మంచం కింద చూసింది. ఏమీ అనలేదు. అది మరీ ప్రమాదం గనుక, ధ్యాస మళ్లించడానికి కథ మొత్తం చెప్పాను. నదిలో నురగ దాకా శ్రద్ధగా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"అంత సబ్బు ఇంట్లో ఉంది కదండీ, మరి ఆ నెల ఆ ఇల్లాలు సబ్బు కొందా, మానేసిందా?"

నా దగ్గర జవాబు లేదు. మళ్లీ పుస్తకం తిరగేశాను. మార్కోవాల్డో భార్య పేరు దొమితిల్లా. దీనికి ముందున్న కథలో సంసారమంతా చేతిలో డబ్బు లేకుండా సూపర్ మార్కెట్‌ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడా ఒక బండి తోసుకుంటూ తిరుగుతుంది. కానీ సబ్బు కథ నడిచేది పిల్లల పోటీ మీద, తండ్రి వ్యాపారం మీద. ఆ ఇంట్లో వారానికి ఎన్ని బట్టలు ఉతుకుతారు, ఏడాదికి ఎంత పొడి చాలు, మిగిలింది ఏం చేయాలి అనే ఇల్లాలి లెక్క చుట్టూ కథ తిరగదు. తిరిగితే నది దాకా పోనక్కరలేదు. అవసరానికి ఉంచుకుని మిగతావి ఇరుగుపొరుగుకి పంచితే సరిపోయేది. బుడగలు లేవవు, నిజమే. కథ కూడా లేవదేమో! అయినా ఒక మాట అనక తప్పదు. దురాశను కాల్వినో ఎంత చక్కగా పట్టాడో, పొదుపును అంత దగ్గరగా చూడలేదు. రెండూ ఒకే చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్తాయి గాని, ఒకటి కావు.

"ఆ 190 రూపాయల సంగతి నీకు తెలియదు. పోయేవే!" అన్నాను కాస్త పౌరుషంగా.

"తెలుసండీ. వదిలేద్దామనే ఊరుకున్నాను," అంది.

పద్దు పుస్తకం తెచ్చి చూపించింది. ఏడాదిలో 38 వేల రూపాయల సరుకు. ప్రతిదీ ముందు రాసుకుని కొన్నదే. పాయింట్లు దాని వెంట వచ్చాయి, వాటి కోసం ఒక్క సబ్బుబిళ్లా ఎక్కువ కొనలేదు. పక్క పేజీలో నా రెండు వేలు కొత్తగా ఎక్కాయి. దానికెదురుగా రెండు వందల కూపను కూడా న్యాయంగానే రాసింది. తీసివేత నన్నే చేయమంది. పద్దెనిమిది వందలు.

అందులో వాడుకోదగినవి ఎన్నో లెక్కేసి, మూడు సీసాలు మేడమీది పిన్నిగారికి, ఎదురింటి వాళ్లకు ఇచ్చి వచ్చింది. పిన్నిగారు డబ్బివ్వబోతే, "ఊరికే వచ్చినవేనండీ" అందట. నా ముందు ఆ మాట అనలేదు. అదీ ఆవిడ సంస్కారం.

రెండు వందల కూపను ఇంకా వంటింటి మేకుకు వేలాడుతోంది. దాని వెనక వైపు తెల్లగా ఖాళీగా ఉంది. వచ్చే నెల సరుకుల జాబితా మొన్న దాని మీదే మొదలుపెట్టింది. కందిపప్పు, చింతపండు, ఇంగువ దాకా వచ్చింది. ఫినాయిలు లేదు.