గాలి తీసే చెయ్యి

రాజాం–పాలకొండ రోడ్డు మీద పాత డీజిల్ బస్సు మొరాయిస్తే మెకానిక్ ముందు డ్రైవరుతో "ఓపాలి సెల్ఫ్ కొట్టు బావూ" అంటాడు. టిక్కుమని ఆగిందా, బ్యాటరీ టెర్మినళ్లు చూస్తాడు. ఇంజిన్ తిరుగుతున్నా అందుకోలేదా, డీజిల్ లైన్లో గాలి పట్టిందేమోనని అనుమానం. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు కొడతాడు. మొదట నురగ, తర్వాత బుడగలు. ఒక్క బుడగా లేకుండా డీజిల్ ధార కట్టేదాకా ఆ చెయ్యి ఆగదు. పంపు కొడుతుండగానే స్క్రూ బిగించాలి, లేకపోతే గాలి మళ్లీ దూరుతుంది. ఎంత నేర్పు! చుట్టూ జనం, ఎవరి తొందర వారిది. అతని వేళ్లు మాత్రం తడబడవు. స్క్రూ దగ్గర చెమ్మ ఉందేమో తడిమి చూసి, మళ్లీ సెల్ఫ్ కొట్టమంటాడు. గుప్పున తెల్లటి పొగ వదిలి ఇంజిన్ అందుకుంటుంది. ఎండలో నిలబడ్డవాళ్లంతా మూటలతో సహా ఎక్కేస్తారు. ఆసుపత్రిలో ఓపీ మూసేలోగా పాలకొండ చేరొచ్చు.