పేరు పిలవకముందే చెప్పగలవాళ్లు

అమెరికా బాస్కెట్‌బాల్‌లో నేను చేతులెత్తి మొక్కేవాళ్లలో కొందరు ఎన్నడూ ఎన్‌బీఏ లీగ్‌లో బంతి పట్టినవాళ్లు కారు. ఎక్కడో చిన్న కాలేజీ జిమ్‌లో, ఖాళీ బెంచీల మధ్య కూర్చుని, ఎవరికీ పేరు తెలియని ఇరవై ఏళ్ల కుర్రాణ్ని చూసి, ‘ఇతన్ని ఫలానా జట్టు ఫలానా నంబరు దగ్గర తీసుకుంటుంది’ అని ముందే రాసిపెట్టేవాళ్లు వాళ్లు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జోస్యాన్ని చాలామంది కాలక్షేపం కింద జమకడతారు. నేను మాత్రం దాన్ని నూటికి నూరుపాళ్లూ విద్య అంటాను. ఆటను చూసే కన్ను, అంకెల లెక్క, మనుషుల మనసు చదివే నేర్పు మూడూ ఒకచోట కుదిరితేగాని అది పట్టుబడదు.

ఐపీఎల్ వేలం చూసి అలవాటైనవాళ్లకు ముందుగా ఒక్క మాట. ఇక్కడ పాట పెంచడం ఉండదు. ముప్పై జట్లు వంతులవారీగా ఒక్కో కొత్త ఆటగాడి పేరు పిలుస్తాయి. రెండు రౌండ్లు; శిక్ష కింద ఏ జట్టూ వంతు పోగొట్టుకోకపోతే మొత్తం అరవై పేర్లు. కిందటి సీజన్‌లో చిత్తుగా ఓడినవాళ్లకు ముందు వంతు. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికే వెళ్లాలి, కుర్రాడికి బేరమాడే వీల్లేదు. ఈ పద్ధతి 1947లో మొదలైంది. ముందు వంతు కోసం జట్లు కావాలనే ఓడిపోతున్నాయన్న గొడవ ముదిరి 1985లో లాటరీ వచ్చింది. ఆ తొలి లాటరీలో పాట్రిక్ యూయింగ్ న్యూయార్క్‌కు దక్కాలని ఆ జట్టు కవరును ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రుజువు మాత్రం ఎవరూ చూపలేదు. 2025 లాటరీలో 14 బంతులు, 1,001 కలయికలు, అట్టడుగు మూడు జట్లకు తలా 14 శాతం అవకాశం. ఆ ఏడాది మా డాలస్ మావరిక్స్‌కు ఉన్న అవకాశం 1.8 శాతం. అయినా మొదటి వంతు తగిలింది, కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. ఫిబ్రవరిలో లూకా డాన్సిచ్‌ని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేశారని కడుపు మండిపోయిన మాలాంటి అభిమానులకు అది దేవుడిచ్చిన ఓదార్పు.

ఈ విద్యలో మొదటి పాఠం రెండు జాబితాలను వేరుగా చూడటం. ఎవరు ఎంత గొప్ప ఆటగాడవుతాడో వరసగా రాస్తే అది బిగ్ బోర్డ్. ఎవరు ఎవరిని పిలుస్తారో రాస్తే అది మాక్ డ్రాఫ్ట్. మొదటిదానికి కుర్రాడి ఆట తెలిస్తే సరిపోతుంది. రెండోదానికి జనరల్ మేనేజర్ భయాలు, యజమాని తొందర, కోచ్ ఇష్టాయిష్టాలు, జట్టులో ఇప్పటికే ఉన్నవాళ్ల కాంట్రాక్టులు అన్నీ తెలియాలి. 2009లో స్టెఫెన్ కరీని తన బోర్డు మీద ఎంత పైన రాసుకున్నవాడికైనా, మినెసోటా అయిదు, ఆరు నంబర్లలో రికీ రూబియో, జానీ ఫ్లిన్ అనే ఇద్దరు పాయింట్ గార్డులను వెంటవెంటనే పిలిచి కరీని ఏడో నంబరుకు వదిలేస్తుందని తోస్తుందా? తోచినవాడే మాక్ డ్రాఫ్ట్ రాయడానికి అర్హుడు.

జట్టు మనసు చదవడమంటే ఏమిటో టొరంటోను చూసి నేర్చుకోవచ్చు. మసాయి ఉజీరి చేతిలో ఆ జట్టు ఉన్నంతకాలం పొడుగు చేతులు, ఏ స్థానంలోనైనా ఇమిడిపోయే దేహం, ఇంకా పండని ప్రతిభ అంటే దానికి మోజు. 2014లో బ్రెజిల్ కుర్రాడు బ్రూనో కబోక్లోని 20వ నంబరులో పిలిచి అందరినీ నోరు వెళ్లబెట్టేలా చేసింది. 2016లో పాస్కల్ సియాకమ్‌ని 27వ నంబరులో పట్టింది. ఇంత చరిత్ర కళ్లముందు ఉన్నా, 2021లో నాలుగో నంబరు దగ్గర దాదాపు అన్ని జాబితాలూ జేలెన్ సగ్స్ పేరే రాశాయి. టొరంటో స్కాటీ బార్న్స్‌ని పిలిచింది. ఆ మరుసటి ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి బార్న్స్‌దే. కుర్రాళ్ల ఆట చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఉజీరి అలవాటును చదివినవాళ్లు తక్కువ.

రెండో పాఠం దేహం. మే నెలలో షికాగోలో జరిగే కంబైన్‌లో చెప్పులు లేకుండా ఎత్తు కొలుస్తారు. చేతులు చాచితే ఎంత, నిలబడి పైకెత్తితే ఎంత, ఎగిరితే ఎంత అన్నీ రాసుకుంటారు. 2013లో ఫ్రాన్స్ కుర్రాడు రూడీ గోబేర్ చేతులు చాచితే ఏడడుగుల ఎనిమిది అంగుళాల పైనే వచ్చింది. అయినా 27వ నంబరు దాకా ఎవరూ పిలవలేదు. అతను తర్వాత ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి నాలుగుసార్లు అందుకున్నాడు. 2007లో కెవిన్ డ్యురాంట్ 185 పౌండ్ల బరువును బెంచ్ మీద ఒక్కసారీ ఎత్తలేకపోయాడు. సియాటెల్ అతన్ని రెండో నంబరులో కళ్లకద్దుకుని తీసుకుంది. ఏ కొలత ఆటలో పనికొస్తుందో, ఏది కాగితం మీదే మిగిలిపోతుందో చెప్పగలగడంలోనే నిపుణుడి గొప్పతనం ఉంది.

మూడోది అంకెలు. దూరం నుంచి వేసే త్రీ పాయింట్ షాట్లు కాలేజీలో ఎన్ని పడ్డాయన్నదాని కంటే, ఫ్రీ త్రోలు నూటికి ఎన్ని పడుతున్నాయన్నది భవిష్యత్తు షూటింగ్ గురించి ఎక్కువ చెబుతుందని ఈ రంగంలో పాతుకుపోయిన నమ్మకం. ఎదుటివాడి చేతిలోంచి బంతి లాగే స్టీల్స్, షాట్‌కు అడ్డుపడే బ్లాక్స్ కుర్రాడి చురుకుదనానికి గుర్తులు. అన్నిటికన్నా ముఖ్యం వయసు. పంతొమ్మిదేళ్లవాడు చేసిన పనే ఇరవై రెండేళ్లవాడు చేస్తే దాని విలువ బాగా పడిపోతుంది. ఈ లెక్కల్లో ఆరితేరిన రచయిత జాన్ హాలింజర్‌ని 2012లో మెంఫిస్ జట్టు ఏకంగా తన కార్యాలయంలోకి తీసుకెళ్లింది.

నాలుగోది చెవి. ఏ కుర్రాడు ఏ ఊరు వెళ్లి ఏ జట్టు ముందు ఆడి చూపించాడు, ఎవరి వర్కవుట్ చివరి నిమిషంలో రద్దయింది, ఏ ఏజెంటు ఏ జట్టుతో మాట్లాడటం మానేశాడు. వీటికి అర్థం తీయడం మామూలు పని కాదు. 2018లో వెన్ను శస్త్రచికిత్స భయంతో మైకేల్ పోర్టర్ జూనియర్ 14వ నంబరు దాకా జారిపోయాడు. 1998లో డ్రాఫ్ట్ రాత్రి ఆహ్వానితుల గదిలో ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోతుంటే చివరిదాకా కూర్చున్న రషార్డ్ లూయిస్ కన్నీళ్లు పెట్టుకుని 32వ నంబరులో వెళ్లాడు. 2025లో ఏస్ బెయిలీ జట్ల ముందు ఆడి చూపించడానికే ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాకు ఇచ్చిన మాట కూడా వెనక్కి తీసుకున్నాడు. చివరికి అయిదో నంబరులో యూటా అతన్ని పిలిచింది. కుర్రాడి ఇష్టం లెక్కలోకి రాదనుకునే పద్ధతిలో కూడా ఏజెంటు తెర వెనక ఎంత నడిపించగలడో చూడండి.

ఇక గురువుల మాట. అందరికంటే పెద్దాయన మార్టీ బ్లేక్. 1958లో విజేతగా నిలిచిన సెయింట్ లూయీ హాక్స్‌కు జనరల్ మేనేజర్. తర్వాత దశాబ్దాల పాటు లీగ్ మొత్తానికే స్కౌటింగ్ డైరెక్టర్. ఇంటర్నెట్ లేదు, వీడియో అంతగా అందుబాటులో లేదు, టీవీలో కనిపించేది పెద్ద కాలేజీలే. అలాంటి రోజుల్లో సెంట్రల్ ఆర్కన్సాలో మొదట జట్టు సామాన్లు చూసుకునే పనిలో చేరిన స్కాటీ పిపెన్ గురించి ఆయన జట్ల చెవిలో వేశారు. వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో 1953 నుంచి ఒక పోటీ జరుగుతోంది. కాలేజీ చివరి ఏడాది ఆటగాళ్లు 64 మంది అక్కడ స్కౌట్ల ముందు ఆడతారు. పిపెన్ అక్కడ ఆడాడు, మెరిశాడు, 1987లో అయిదో నంబరులో వెళ్లాడు. అంతకుముందు ఏడాది అదే పోర్ట్స్‌మత్‌లో డెనిస్ రాడ్‌మన్ చెలరేగి ఆడి, 27వ నంబరులో డెట్రాయిట్ చేరాడు. ఆ రాడ్‌మన్ కాలేజీకి ముందు డాలస్ విమానాశ్రయంలో రాత్రిపూట ఊడ్చి తుడిచే పని చేశాడు. ఇవాళ హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లు ఎందరో దిగుతున్న విమానాశ్రయమే అది.

బ్లేక్ తర్వాత నేను తలవంచేది జొనాథన్ గివనీకి. 2003లో డ్రాఫ్ట్‌ఎక్స్‌ప్రెస్ పెట్టి, అప్పటిదాకా జట్ల బీరువాల్లో దాక్కున్న సమాచారాన్ని మామూలు అభిమాని ముందు పరిచాడు. ఐరోపా జిమ్‌లలో, పిల్లల టోర్నమెంట్లలో కూర్చుని ప్రపంచం నలుమూలల కుర్రాళ్లను ఒకే పట్టికలోకి తెచ్చాడు. అతని సహచరుడు మైక్ ష్మిట్జ్ వీడియో విశ్లేషణలు నేను ఇప్పటికీ పాఠాల్లా చూస్తాను. కుర్రాడి పాదం ఎటు తిరిగింది, సాయానికి అర సెకను ఆలస్యంగా ఎందుకు వచ్చాడు అన్నది ఆపి ఆపి చూపిస్తాడు. 2017లో ఇద్దరినీ ఈఎస్‌పీఎన్ తీసుకుంది. 2022లో ష్మిట్జ్ పోర్ట్‌లాండ్‌కు అసిస్టెంట్ జనరల్ మేనేజర్ అయ్యాడు. 2025లో చైనా కుర్రాడు యాంగ్ హాన్సెన్‌ను చాలా జాబితాలు రెండో రౌండ్‌కు తోసేస్తే, పోర్ట్‌లాండ్ 16వ నంబరులో దక్కించుకుంది. జోస్యం చెప్పేవాళ్లలోంచి వచ్చిన మనిషి కూర్చున్న కార్యాలయమే జోస్యాలన్నిటినీ తలకిందులు చేసింది! ఇక ‘ది అథ్లెటిక్’లో సామ్ వెసీనీ ఏటా రాసే డ్రాఫ్ట్ గైడ్ ఉంది. వంద మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికీ బలం, బలహీనత, కారణం. అంత ఓపికగా రాసినవాడు ఎక్కడైనా తప్పినా ఆ తప్పులోనూ మనకు నేర్చుకోవడానికి ఉంటుంది.

అందరూ తప్పిన రాత్రులూ ఉన్నాయి. 2013లో క్లీవ్‌లాండ్ మొదటి పేరుగా ఆంథొనీ బెనెట్‌ను పిలిచినప్పుడు హాలంతా నిర్ఘాంతపోయింది. అదే రాత్రి గ్రీస్ రెండో డివిజన్‌లో ఆడుతున్న యానిస్ అంటెటోకుంపోని మిల్వాకీ 15వ నంబరులో తీసుకుంది. 2014లో నికోలా యోకిచ్ పేరు 41వ నంబరులో పిలిచినప్పుడు టీవీలో వ్యాపార ప్రకటన నడుస్తోంది. 2022లో చాలా జాబితాల్లో మొదటివాడైన జబారి స్మిత్ మూడో నంబరుకు జారితే, ఓర్లాండో పావొలో బంకేరోని పిలిచింది. నిజమైన నిపుణులు ఇవి దాచుకోలేదు. ఎక్కడ తప్పామో తిరగేసి చూసుకుని, మరుసటి ఏడాదికి కన్ను పదును పెట్టుకున్నారు.

ఇవాళ జరుగుతున్నది చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ ఏడాది చివరి పేరు పిలిచి గంటలు గడవకముందే వచ్చే ఏడాది జాబితా వచ్చేస్తుంది. రాసినవాడు ఆ కుర్రాళ్లలో ఒక్కణ్నైనా పూర్తి మ్యాచ్‌లో చూశాడా? పది జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి, పేర్లు ఒకటే, వరస ఒకటే, పొగడ్తల మాటలూ ఒకటే. ఒకడు రాసింది తొమ్మండుగురు ఎత్తి రాస్తే దానికి ‘అందరి ఏకాభిప్రాయం’ అని పేరు పెడుతున్నారు. బటన్ నొక్కితే యంత్రం అరవై పేర్లు పేర్చి పెడుతుంది, దాన్నీ జోస్యమంటున్నారు. పందెం కంపెనీల రేట్లు చూసి పేర్లు మార్చేవాళ్లు కొందరు, ఏజెంటు చెవిలో ఊదిన మాటను తన పరిశోధనగా అమ్ముకునేవాళ్లు ఇంకొందరు.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం చివరి గంట దిద్దుబాటు. డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం వార్తల వేటగాళ్లు ఒక్కో జట్టు నిర్ణయాన్ని బయటపెడుతుంటే, దాన్ని చూసి జాబితా దిద్దుకుని, రాత్రికి ‘ఇన్ని సరిగ్గా చెప్పాను’ అని చంకలు గుద్దుకుంటున్నారు. వార్త పట్టడమూ గొప్ప పనే, కాదనను. ఏడ్రియన్ వోయినరౌస్కీ లాంటివాడు కమిషనర్ వేదిక ఎక్కేలోపే పేరు చెప్పేవాడు, ఆ పరిచయాలు ఊరికే రాలేదు. కాని అది విలేకరి పని. ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ జిమ్‌లో కూర్చుని జూన్ గురించి చెప్పినవాడికీ, జూన్ సాయంత్రం ఫోన్ చూసి చెప్పినవాడికీ ఒకే మార్కులు వేస్తే ఇక ఆ జిమ్‌కు వెళ్లేవాళ్లెవరు? నేను జిమ్‌కు వెళ్లేవాళ్ల పక్షం. ఇందులో మొహమాటం లేదు.

ఇది అభిమానుల సరదా గొడవగా కొట్టిపారేయొద్దు. ఎత్తి రాసిన జాబితాలో కొత్త పేరు ఎన్నటికీ చేరదు. ఎవరో ఒకరు ముందుగా వెళ్లి చూడకపోతే పిపెన్ సెంట్రల్ ఆర్కన్సాలోనే ఉండిపోయేవాడేమో. మన దేశం సంగతే చూడండి. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరి కుర్రాడు సత్నామ్ సింగ్‌ను 2015లో మా డాలస్ 52వ నంబరులో పిలిచింది. డ్రాఫ్ట్‌లో పేరు వినిపించిన తొలి భారతీయుడు అతనే. తర్వాత లీగ్ మ్యాచ్‌లో బరిలోకి దిగే అవకాశం అతనికి రాకపోయినా, బల్లో కే దాకా కొందరి చూపు వెళ్లిందన్నది చిన్న సంగతి కాదు. రేపు గుంటూరులోనో వరంగల్‌లోనో ఏడడుగుల పిల్లవాడు బంతి పట్టుకుంటే, అతన్ని గుర్తించేది సొంత కళ్లతో చూసే అలవాటున్న మనిషే. ఎత్తి రాసేవాడికి వాడు ఏనాటికీ కనపడడు.

అందుకే ఈ ఆట చూసే తెలుగు కుర్రాళ్లకు, ముఖ్యంగా డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాలో పెరుగుతున్న మన పిల్లలకు ఒక విన్నపం. వచ్చే జూన్‌కు ముందు ఎవరి జాబితా చూడకుండా మీదే ఒకటి రాయండి. అరవై అక్కర్లేదు, పది పేర్లు చాలు. ప్రతి పేరుకీ కనీసం రెండు పూర్తి మ్యాచ్‌లు చూడండి. ఈ జట్టు ఈ కుర్రాణ్నే ఎందుకు పిలుస్తుందో పేరు కింద రెండు వాక్యాల్లో కారణం రాయండి. లాటరీ అయ్యాక జట్ల వరస సరిచేసుకోండి, అంతే. డ్రాఫ్ట్ వారంలో కలం ముట్టొద్దు. పదిలో మూడే కుదరనివ్వండి. ఆ మూడూ మీ కంటితో చూసి చెప్పినవైతే, అరువు జాబితాతో పదికి పది కొట్టినవాడికంటే మీరే మేలు.