తక్కువ వేడిమినుండి విద్యుత్తు: ఒక విమర్శ

ఎండచే కాగిన నీరు, భూగర్భమునుండి ఉబుకు ఉష్ణజలము మొదలగు నూరు డిగ్రీలకు లోబడిన వేడిమితో విద్యుత్తు పుట్టింపవచ్చునను వాదము తరచు వినవచ్చుచున్నది. ఈ వాదము అసత్యము కాదు, అసంపూర్ణము.

విధానము సుబోధమే. నీటికంటె తక్కువ వేడిమికే మరుగు ద్రవమును ఉష్ణజలముచే ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైనును త్రిప్పి, దానిని మరల చల్లార్చి ద్రవముగా చేయుదురు. ఇంధనము కొననక్కరలేదు. అయినను 1824లో సాదీ కార్నో చూపిన హద్దును ఏ యంత్రమును దాటజాలదు. నీరు 80 డిగ్రీలును, పరిసరము 30 డిగ్రీలును అయినచో, వేడిమిలో 14 శాతమునకు మించి విద్యుత్తు కానేరదు. ఆచరణలో అందు సగము దక్కుటయే గొప్ప. దానినుండియు పంపులు తమ భాగమును గొనును.

అలాస్కాలోని చేనా ఊటలవద్ద 2006లో 74 డిగ్రీల నీటితోనే విద్యుత్తు తీసిరి. ఈ విజయమును ఉదాహరించువారు, చల్లార్చుటకు అచ్చట 4 డిగ్రీల నీరు లభించుట మరతురు. గోదావరీలోయలో మణుగూరువద్ద సింగరేణి సంస్థ చేపట్టిన 20 కిలోవాట్ల ప్రయోగమునకు ఆ చలువ ఎచ్చటిది? ప్రయోగముగా అది స్వాగతార్హమే. కాని దాని ఫలితమును టర్బైను చూపు అంకెతో గాక, పంపుల వ్యయము పోగా మిగిలినదానితో కొలువవలెను.

మన మడివాళ మేడలపైని సౌరతాపకములనే చూడుడు. నూరు లీటర్ల నీటిని 25నుండి 60 డిగ్రీలకు కాచుటకు సుమారు 4 యూనిట్ల వేడిమి పట్టును. ఆ నీటితో స్నానము చేసినచో, విద్యుత్ హీటరుకు కావలసిన 4 యూనిట్లు మిగులును. ఆ వేడిమినే నూటికి అయిదు చొప్పున విద్యుత్తుగా మార్చినచో దక్కునది యూనిట్‌లో అయిదవ వంతు మాత్రమే! గుజరాత్‌లోని భుజ్‌లో 6,000 చదరపు మీటర్ల సౌర సరస్సు 1990ల దశకమున పాలకేంద్రమునకు అందించినది విద్యుత్తును గాదు, వేడిమినే. అది వివేకము.

అట్లని ఈ విద్యయే వ్యర్థమనరాదు. వేడినీటితో పనిలేనిచోట, అది ఊరక పాఱిపోవుచున్నచోట, కొద్దిపాటి విద్యుత్తును లాభమే. కావున మొదట అడుగవలసిన ప్రశ్న “ఎంత విద్యుత్తు వచ్చును?” అనునది గాదు, “ఈ వేడిమి వేడిమిగానే ఎవరికైన అక్కరకు వచ్చునా?” అనునది. ఈ ప్రశ్నకు బదులు చెప్పని ప్రణాళికకు ప్రజాధనము వెచ్చింపరాదని మా అభిప్రాయము.