లంక

గోదావరి జిల్లాల ఊళ్ళపేర్లను గూర్చి ఈ వారము చదివిన వ్యాసమొకటి నా మనసును నొప్పించినది. ఎదుర్లంక, ఊడిమూడిలంక, కనకాయలంక మొదలగు పేళ్ళలోని ‘లంక’ రావణుని పురమునుండి వచ్చినదని ఆ రచయిత నిశ్చయముగా వ్రాసినాడు. ఊరిపేరు కనబడగానే పురాణము నంటగట్టుట నాకు సరిపడదని ఈ శీర్షికను చదువువా రెరుగుదురు.

ఏటినడుమ ఇసుకమేటపై ఒండ్రు చేరి, రెల్లు మొలచి, కాలక్రమమున నాగలికి లొంగిన నేలను మనవారు లంక యందురు. సింహళీయులు తమ దేశమునే లంక యందురు. తమిళుల కది ఇలంగై. ఫిన్లాండు భాషలో లంక యనగా దారము, ఫిలిప్పీన్ల తగలోగులో పనస. ఈ రెండింటికిని మన మాటతో చుట్టరికము లేదు, ధ్వనిసామ్యమే.

మన మాట మాత్రము పొగాకు వెంట సీమకు పోయినది. మా తాతగారు సాయంకాలము అరుగుపై కూర్చుండి, లంకపొగాకుపై నీళ్ళు చిలకరించి, మెత్తబడిన ఆకునుండి ఈనె నొడుపుగా లాగి, చుట్ట చుట్టుచు, “ఏటా గోదారి పోసే ఒండ్రుదిరా అబ్బాయ్, ఈ ఘాటంతా!” అనెడివారు. ఆ పొగాకు చుట్టలకు చెన్నపురి దొరలు ‘లంకా’ యనియే పేరిడిరి. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున అది గోదావరి లంకల పేరేయని యున్నది. 1890లో కానన్ డాయిల్, బూడిదనుబట్టి పొగాకును గుర్తించు విద్యను గూర్చి చెప్పు షెర్లాక్ హోమ్స్ నోట ఆ చుట్టపేరు పలికించెను.

ఇంతదూరము వచ్చి, ఈ మాట మనదే, రావణునిది కాదని తీర్పు చెప్పబూనితిని. కాని “ఇంటిగుట్టు లంకకు చేటు” అనువాడును, పెద్ద యిల్లు చూచి “లంకంత కొంప” అనువాడును, పడవ దిగి లంకలోని చేనికి పోవు రైతే కదా! రెండు లంకలును అతని నోట కలహింపక కాపురముండగా, నడుమ నాకేల ఈ దాయభాగపు వ్యాజ్యము?

కడకు నాకు తోచిన దిది: మాట పుట్టుకకన్న దాని అర్థమునకే ఎక్కువ ముప్పు వాటిల్లుచున్నది. నిఘంటువులు ‘ద్వీపము’ అని యొక్కమాటతో ముగించును. ద్వీపము నిలుచునది, లంక యట్లు కాదు. ఒకవైపు గోదావరి పాయయైన వశిష్ఠ కోసికొనిపోవును, మరియొకవైపు మేటవేయును; నిరుడు దున్నిన చేను నేడు ఏటిపాలు కావచ్చును, 1986 ఆగస్టు వరద నెరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు. నది యిచ్చి, నదియే తిరిగి తీసికొను సారవంతమైన నేల యని నిఘంటుకారులు ఇకనైన వ్రాయవలెను. వ్రాయుటకు ముందు, లంకలో సేద్యము చేయువారి నడుగవలెను.