చేతలతో చరిత్ర: ‘పగటి కల’, ‘రైలుబడి’ గ్రంథాల్లో ప్రాథమిక విద్యార్థి

ఉపోద్ఘాతం

ప్రాథమిక పాఠశాలలో చరిత్ర ప్రత్యేక పాఠ్యాంశం కాదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు అది పరిసరాల విజ్ఞానంలో అంతర్భాగంగా ఉంటుంది. ఆరో తరగతిలో సాంఘికశాస్త్రం మొదలైన తరువాతనే విద్యార్థికి చరిత్ర అనే పేరు పరిచయమవుతుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ అమరికనే సమర్థించింది. పిల్లవాడు తన ఇల్లు, వీధి, ఊరు, పండుగ, వృత్తి మొదలైన వాటి ద్వారా గతాన్ని స్పృశించాలనీ, వినడం కన్నా చేయడం ద్వారా నేర్చుకోవాలనీ దాని ఆశయం. నేడు ఈ ఆశయాన్ని కాదనేవారు దాదాపు లేరు. అయితే ‘చేయడం’ అంటే ఏమిటన్న విషయంలో మాత్రం మనకు స్పష్టత కొరవడింది. థర్మాకోల్‌తో చార్మినార్ నమూనా, దుకాణంలో కొన్న చార్టు, జాతీయ పర్వదినాన వేసే గాంధీ, ఝాన్సీ లక్ష్మి వేషాలు కృత్యాలుగా చెలామణి అవుతున్నాయి. వాటిలో చేతికి పని ఉన్నది. ఆలోచనకు ఎంత పని ఉన్నదో చూడవలసి ఉంది.

ఈ ప్రశ్నను తెలుగు పాఠకులకు బాగా పరిచితమైన రెండు అనువాద గ్రంథాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది గిజుభాయి బధేకా గుజరాతీలో రచించిన ‘దివాస్వప్న’. తెలుగులో ‘పగటి కల’. రెండోది టెట్సుకో కురొయనాగి జపాన్ భాషలో రచించిన ‘తొత్తోచాన్’; తెలుగులో ‘రైలుబడి’. ఉపాధ్యాయ వర్గాల్లో ఈ రెండింటినీ ఆదర్శ గ్రంథాలుగా చదవడం పరిపాటి. ఆదర్శంగా చదివినప్పుడు వాటిలోని విజయాలు కనిపించినంతగా సందిగ్ధాలు కనిపించవు. కృత్యం పిల్లవాడిని గతానికి దగ్గర చేస్తుంది; ఆ సాన్నిహిత్యం చరిత్ర జ్ఞానంగా పరిణమించాలంటే గతాన్ని ప్రశ్నించే అవకాశం కూడా ఆ కృత్యంలోనే ఉండాలి. ఈ రెండు గ్రంథాలను ఆ దృష్టితో చదవడమే ఇక్కడి ప్రయత్నం.

‘పగటి కల’: కథ నుంచి నాటకానికి

గిజుభాయి (1885–1939) మొదట న్యాయవాది. 1920లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో బాలమందిరాన్ని ప్రారంభించి, మాంటిస్సోరి పద్ధతిని భారతీయ పరిస్థితులకు అన్వయించిన విద్యావేత్త. 1930ల ఆరంభంలో వెలువడిన ‘దివాస్వప్న’ కల్పిత కథనం. లక్ష్మీరామ్ అనే ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో నాలుగో తరగతిని తీసుకొని ఒక ఏడాది పాటు ప్రయోగం చేస్తాడు. మొదటి రోజున నిశ్శబ్దపు ఆట పెట్టబోయి విఫలుడవుతాడు. పుస్తకాల్లో చదివిన పద్ధతి తన ఎదుట ఉన్న పిల్లలకు సరిపడదని గ్రహించి కథ వైపు మళ్ళుతాడు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో తరగతికి గ్రంథాలయం ఏర్పరుస్తాడు. పిల్లలను ఆరుబయటికి తీసుకుపోతాడు.

చరిత్ర బోధనలోనూ అతని సాధనం కథే. పాఠ్యపుస్తకంలోని రాజుల పట్టికలు, తేదీలు పిల్లల మనసుకు పట్టవని గుర్తించి, చరిత్రను కథగా మలచి చెబుతాడు. విన్న కథలను పిల్లలు ఆడతారు. సంభాషణలు వల్లె వేయించడం లేదు. కథ తెలిసినవాడు తనకు తోచిన మాటలతో పాత్రను నడుపుతాడు. వార్షికోత్సవ నాటకం అంటే నెలల తరబడి వల్లె వేయించడమేనన్న అలవాటుకు ఇది సూటి ఖండన. అప్పటికప్పుడు మాట కల్పించుకోవలసిన పిల్లవాడు ఆ పాత్ర ఎందుకు అలా ప్రవర్తించిందో కొంతైనా ఊహించక తప్పదు. చరిత్ర అధ్యయనానికి తొలిమెట్టు ఈ ఊహాశక్తే.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. కథను మలచేది ఉపాధ్యాయుడు. ఏ రాజును ఎన్నుకోవాలి, ఎవరిని నాయకునిగా నిలపాలి, ఎక్కడ ముగించాలి అనే నిర్ణయాలన్నీ అతనివే. కథ రక్తి కట్టినకొద్దీ దాని వెనుక ఒక ఎంపిక ఉన్నదన్న సంగతి మరుగున పడుతుంది. ఇది నిజంగా జరిగిందా, మనకెలా తెలుసు, ఓడినవాడు ఈ కథను ఎలా చెబుతాడు అనే ప్రశ్నలకు ‘పగటి కల’లో దక్కిన చోటు స్వల్పం. బెత్తం, వల్లెవేత రాజ్యమేలుతున్న తరగతి గదిలోకి ఆనందాన్ని తేవడమే గిజుభాయి ఎదుట ఉన్న తక్షణ కర్తవ్యం కనుక దీన్ని ఆయన లోపంగా ఎంచనక్కరలేదు. కాని తొంభై ఏళ్ళ తరువాత ఆ పుస్తకాన్ని నమూనాగా స్వీకరించేవారు మాత్రం ఆ ఖాళీని గుర్తించాలి.

‘రైలుబడి’: బావిలో నక్షత్రం

‘పగటి కల’ ఉపాధ్యాయుని కథనం కాగా, ‘రైలుబడి’ విద్యార్థి జ్ఞాపకం. 1981లో వెలువడిన ఈ గ్రంథం టోక్యోలోని టొమొయె పాఠశాలలో రచయిత్రి గడిపిన బాల్యాన్ని చెబుతుంది. పారిస్‌లో డాల్‌క్రోజ్ లయవిద్యను అభ్యసించిన సొసాకు కొబయాషి 1937లో ఆ బడిని స్థాపించారు. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. 1945 బాంబుదాడుల్లో అది కాలిపోయింది.

చరిత్ర, సంస్కృతుల దృష్ట్యా ఈ గ్రంథంలో ముఖ్యమైనది కుహొన్‌బుత్సు ఆలయానికి పిల్లల నడక. దారిలో ఉపాధ్యాయిని ఆవపూల దగ్గర ఆగి కేసరాలు, అండకోశం గురించి చెబుతుంది. ఆలయ ప్రాంగణంలో, పూర్వం నక్షత్రం పడిందని చెప్పుకునే బావి ఉన్నది. పిల్లలు అందులోకి తొంగి చూస్తారు. తమకు అది స్వేచ్ఛగా ఆడుకునే సమయమే అయినా, నిజానికి విజ్ఞానం, చరిత్ర, జీవశాస్త్రం అప్పుడే తమకు అబ్బుతున్నాయని రచయిత్రి తరువాతి కాలపు ఎరుకతో వ్యాఖ్యానిస్తుంది.

బావిలోకి తొంగిచూడటం చిన్న చేష్టే. అయినా చరిత్ర పరిశోధనకు మూలమైన ప్రవృత్తి దానిలో ఉన్నది. పెద్దలు చెప్పిన మాట ఒకటి. కంటికి కనిపించే ఆధారం ఒకటి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం పిల్లవాడికి లభించింది. స్థలపురాణాన్ని కొట్టిపారేయడం గాని, గుడ్డిగా నమ్మడం గాని అవసరం లేదు. ఊరివారు ఇలా చెప్పుకుంటారు, నేను ఇది చూశాను అనే వివేచన కలిగితే చాలు.

అదే విధంగా, కొబయాషి ఒక రైతును పిలిపించి సేద్యపు ఉపాధ్యాయునిగా పిల్లలకు పరిచయం చేసే ఘట్టం కూడా గమనార్హం. పట్టాలు లేని మనిషి గురుస్థానంలో నిలుస్తాడు. సంస్కృతి అంటే ఆలయాలు, కావ్యాలు మాత్రమే కాదనీ, కలుపు తీసే చేతిలోనూ తరతరాల జ్ఞానం నిలిచి ఉంటుందనీ ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది.

సెంగకుజి నడక, తిరగబడిన యొషిత్సునె

మన విమర్శలో తగినంత చర్చకు రాని ఘట్టాలు ఇక మిగిలాయి. డిసెంబరు 14న టొమొయె విద్యార్థులు సెంగకుజి ఆలయానికి నడిచి వెళతారు. నలభై ఏడుగురు రోనిన్‌ల సమాధులున్న చోటు అది. 1701లో ప్రాణాలు కోల్పోయిన తమ ప్రభువు కోసం ఆ సమురాయిలు ప్రతీకారం తీర్చుకొని, ఆపై ప్రభుత్వాజ్ఞ మేరకు ఆత్మాహుతి చేసుకున్నారు. ఆ గాథలోని మాటలను కూడా ఆటగా మార్చుకుంటూ సాగిన ఆ నడక తెలుగు పాఠకునికి హాయైన వనవిహారంలా తోస్తుంది. కాని అది యుద్ధకాలం. రోనిన్‌ల గాథను స్వామిభక్తికి పరాకాష్ఠగా ప్రచారం చేస్తున్న రోజులవి. 1941లో మిజొగుచి అదే ఇతివృత్తంతో తీసిన చలనచిత్రానికి సైనిక ప్రభుత్వ ప్రోద్బలం ఉన్నది. అందుచేత సెంగకుజికి నడవడం, ఎంత ఉల్లాసంగా సాగినా, ఆనాటి అధికార భావజాలానికి వెలుపలి చర్య కాదు. కాళ్ళతో నేర్చుకున్న పాఠం పుస్తకంలో చదివిన పాఠం కన్నా లోతుగా నాటుకుంటుంది. ఆ లోతు స్వేచ్ఛకు ఎంత ఉపయోగమో విధేయతకూ అంతే ఉపయోగం.

ఈ గాథను వేరుగా చెప్పే వీలు లేకపోలేదు. రోనిన్‌లు ధర్మవీరులా, శాసనాన్ని ధిక్కరించిన నేరస్థులా అన్న వాదం ఆ సంఘటన కాలంలోనే జపాన్ పండితుల మధ్య నడిచింది. ఒగ్యు సొరాయ్ వంటివారు శిక్షనే సమర్థించారు. ఆ వాదం పిల్లల ముందుకు వచ్చి ఉంటే తీర్థయాత్ర చరిత్ర పాఠమయ్యేది.

దీనికి ప్రతిగా ‘కంజించొ’ నాటక ఘట్టాన్ని చదవాలి. 1840లో తొలిసారి ప్రదర్శితమైన ఈ కబుకి నాటకంలో, మారువేషంలో ఉన్న ప్రభువు యొషిత్సునెను కాపలావారి నుంచి కాపాడటానికి సేవకుడు బెంకెయ్ అతణ్ణి కొడతాడు. ప్రభువు మౌనంగా సహించాలి. నాటకానికి ఆయువుపట్టు అదే. పాఠశాల ప్రదర్శనలో యొషిత్సునె పాత్ర తొత్తోచాన్‌కు వచ్చింది. ఆమె దెబ్బలు సహించలేదు. బెంకెయ్ మీద తిరగబడింది. సర్ది చెప్పినా ఫలితం లేక పాత్ర మరొకరికి పోయింది.

రచయిత్రి దీన్ని హాస్యంగా చెప్పింది. పాఠకులూ నవ్వి ముందుకు సాగుతారు. కాని వారసత్వంగా వచ్చిన విలువను ఒక పిల్ల తన శరీరంతో నిలదీసిన అరుదైన సందర్భమిది. నన్ను కొడుతుంటే నేనెందుకు ఊరుకోవాలి? ఈ ప్రశ్నకు ‘కథ అలా ఉంది కనుక’ అన్నది సమాధానం కాదు. ఆ కాలంలో ప్రభువుకూ సేవకునికీ ఉన్న సంబంధం ఎటువంటిది, కొట్టడం ఎందుకు మహాపరాధం, అయినా ఎందుకు కొట్టవలసి వచ్చింది అని విచారిస్తే మధ్యయుగ జపాన్ సమాజం మొత్తం ఆ ఒక్క దెబ్బ నుంచి తెరుచుకుంటుంది. అంత ఉదారమైన బడి కూడా అక్కడ ప్రశ్నను చేపట్టక పాత్రధారిని మార్చింది. ఆమెను శిక్షించలేదన్నది దాని ఘనత. ఆమె ప్రతిఘటనలోని చరిత్ర జిజ్ఞాసను పసిగట్టకపోవడం దాని పరిమితి.

మన సందర్భం: చాపకూడు, కైఫియత్తు

ఈ వివేచన తెలుగు నేలకు ఎలా వర్తిస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పల్నాటి వీరగాథ మనకు సెంగకుజి గాథ వంటిదే. కారెంపూడిలో వీరుల గుడి ఉన్నది. ఏటేటా ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు గాథను గానం చేసే సంప్రదాయం ఉన్నది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ‘పల్నాటి వీరచరిత్ర’ను పరిష్కరించి ప్రకటించిన నాటి నుంచి అది సాహిత్య చర్చలోనూ స్థిరపడింది. ప్రాథమిక విద్యార్థులను ఆ గుడికి తీసుకుపోవడం, బాలచంద్రుని వేషం వేయించడం కష్టం కాదు. కాని కత్తి పట్టిన బాలుని వేషం దగ్గరే కృత్యం ఆగిపోతే మిగిలేది ఆవేశం మాత్రమే.

అదే గాథలో బ్రహ్మనాయుని చాపకూడు ఉన్నది. భిన్న కులాల వారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన ఏర్పాటు అది. బడిలో మధ్యాహ్న భోజనం రోజూ జరిగేదే. ఒకరోజు చాపలు పరిచి, కలిసి తిన్న తరువాత, ఇలా తినడం ఆ కాలంలో అంత పెద్ద సంగతి ఎందుకైంది అని అడిగితే నాలుగో తరగతి పిల్లలు కూడా సమాధానం వెతుకుతారు. మన ఊళ్ళో మీ తాత చిన్నతనంలో అందరూ కలిసి తినేవారా అని ఇంట్లో అడిగి రమ్మంటే సమాధానాలు ఒక్క తీరుగా ఉండవు. కొన్ని ఇబ్బంది పెట్టేవిగానూ ఉంటాయి. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఏ బిడ్డా చిన్నబుచ్చుకోకుండా ఆ సంభాషణను నడపడంలోనే ఉపాధ్యాయుని నేర్పు ఉన్నది.

ఇంటింటా అడిగి రాసుకొనే పద్ధతికి మన దగ్గర పూర్వరంగమూ ఉన్నది. కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య తదితరులు సేకరించిన కైఫియత్తులు గ్రామాల నోట పలికిన చరిత్రలు. వాటిలో ప్రధానంగా వినిపించేది కరణాలు, ఆలయాధికారులు, స్థానిక పాలక కుటుంబాల గొంతు. నేటి పిల్లలు తమ ఊరి కైఫియత్తును తామే రాస్తే, చెరువు తవ్విన కథను వడ్డెర కుటుంబం ఎలా చెబుతుందో, బావి దగ్గర జరిగిన సంగతులను ముసలమ్మ ఎలా చెబుతుందో అందులో చేరుతుంది. రెండు ఇళ్ళలో రెండు కథలు విన్న పిల్లవాడికి ఆధారాల మధ్య వైరుధ్యం అనే భావన నిర్వచనం లేకుండానే అందుతుంది. తెలుగు శాఖల పరిశోధకులు ఎంపిక చేసిన కైఫియత్తులను సరళ వచనంలోకి తెచ్చి ప్రాథమిక ఉపాధ్యాయులకు అందించగలిగితే అది సార్థకమైన పని కాగలదు.

ముగింపు

‘పగటి కల’ కథ ద్వారా, ‘రైలుబడి’ నడక ద్వారా చరిత్రను పిల్లల చేతికి అందించాయి. వల్లెవేత నుంచి విముక్తి కలిగించడంలో రెండింటి కృషీ విలువైనది. కాని సెంగకుజి నడక చూపినట్లు, కృత్యం తనంతట తానే విమర్శనాదృష్టిని ఇవ్వదు. బావిలోకి తొంగిచూసిన చూపు, దెబ్బను సహించని చేయి ఆ దృష్టికి అంకురాలు. మొదటిదాన్ని టొమొయె బడి పోషించింది, రెండోదాన్ని గుర్తించలేకపోయింది. ఏ కృత్యాన్నైనా తరగతిలో ప్రవేశపెట్టేటప్పుడు, ఇందులో పిల్లవాడు ‘ఎందుకు’ అని అడిగే చోటు ఎక్కడ ఉన్నది, అడిగితే నేనేం చేస్తాను అని ఉపాధ్యాయుడు ముందుగా ఆలోచించుకోవాలి. ఆ చోటు ఉన్న కృత్యానికి చాప ఒక్కటి ఉన్నా చాలు. అది లేనప్పుడు ఎంత అందమైన నమూనా అయినా అలంకారంగానే మిగులుతుంది.