లింకు ఎక్కడ తెగింది?

స్థలం కొనేటప్పుడు లాయరు గారు రాసిచ్చే లీగల్ ఒపీనియన్‌ను చాలామంది బ్యాంకు వాళ్లు అడిగే కాగితాల్లో ఒకటిగానే చూస్తారు. చివరి పేరాలో టైటిల్ క్లియర్‌గా ఉందని రాశారా లేదా చూసుకుని ఫైల్లో పెట్టేస్తారు. ఆ ఒక్క మాట రాయడానికి ముందు ఆయన ఎన్ని దస్తావేజులు తిరగేశారో, ఎక్కడ ఆగారో, ఏ సంతకం దగ్గర అనుమానపడ్డారో ఎవరికీ పట్టదు. బాగా రాసిన ఒపీనియన్ చదవడం నాకు ఇష్టం. అందులో ఉన్న పనితనాన్ని నలుగురికీ చూపించాలనిపించి ఇది రాస్తున్నాను.

అసలు ఈ పని ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. మన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరయ్యేది దస్తావేజు. అమ్మేవాడికి ఆ భూమి మీద నిజంగా హక్కు ఉందో లేదో తేల్చి చెప్పే బాధ్యత సబ్ రిజిస్ట్రారుది కాదు. పాస్‌బుక్కు, 1బి, అడంగల్ రెవెన్యూ రికార్డులు; వాటంతట అవే హక్కును సృష్టించవని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. హక్కును ప్రభుత్వమే నిర్ధారించే పద్ధతి కోసం ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024లో రద్దయింది. కాబట్టి ఇవాళ్టికీ ‘ఈ భూమి ఫలానావారిది’ అని ఖాయంగా చెప్పే ఒకే ఒక్క కాగితం మన దగ్గర లేదు. చేతులు మారిన ప్రతిసారీ పుట్టిన దస్తావేజును పట్టుకుని వెనక్కి నడవాల్సిందే.

ఎంత వెనక్కి? వాడుకలో 30 ఏళ్లు అంటారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం భూమి స్వాధీనం కోసం దావా వేయడానికి ప్రైవేటు వ్యక్తికి 12 ఏళ్లు, ప్రభుత్వానికి 30 ఏళ్లు గడువు. ఆ లెక్కే ఈ లెక్కకు ఆధారం. అయితే పని తెలిసిన లాయరు 30 దగ్గర గీత గీసి ఆగడు. ఒక గట్టి మూల దస్తావేజు, అంటే రిజిస్టరైన భాగపరిష్కారమో క్రయ దస్తావేజో దొరికేదాకా పోతాడు. అక్కడినుంచి మళ్లీ ముందుకు వస్తూ ఒక్కో లింకు డాక్యుమెంటునూ పక్కపక్కన పెట్టి సరిపోలుస్తాడు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు.

హద్దుల దగ్గర ఆ కళ్లు ఎలా పనిచేస్తాయో చూడాలి. పాత దస్తావేజులో ‘తూర్పు: పుంత’ అని ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల తర్వాతి దస్తావేజులో ‘తూర్పు: మా యొక్క మిగులు భూమి’ అని ఉంది. విస్తీర్ణం 48 సెంట్ల నుంచి 52 సెంట్లయింది. మామూలుగా చదివేవాళ్లు ఈ నాలుగు సెంట్లను దాటిపోతారు. లాయరు ఆగుతాడు. పుంత అంటే బండ్ల బాట, ప్రభుత్వ భూమి. అది ఎవరూ అమ్మగలిగేది కాదు, కాలంతో పాటు మాయమయ్యేదీ కాదు. సర్వే శాఖ దగ్గరుండే ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) స్కెచ్ తెప్పించి చూస్తే పుంత గీత అలాగే ఉంటుంది. అమ్మేవాడు తనది కానిదాన్ని కలిపి అమ్ముతున్నాడన్నమాట. ఇంత సంగతినీ ఆయన ఒపీనియన్‌లో రెండే వాక్యాల్లో రాస్తాడు: తూర్పు హద్దు రెండు దస్తావేజుల్లో వేర్వేరుగా ఉంది, సర్వే చేయించి 48 సెంట్లకే ఒప్పందం చేసుకోవలెను. కొలతకూ హద్దులకూ పొసగనప్పుడు సాధారణంగా హద్దులకే విలువనిస్తాయి కోర్టులు. అందుకే చెక్కుబందిలో, అంటే హద్దుల వివరంలో మారిన ఒక్క మాటను ఆయన అంత పట్టుదలగా పట్టుకుంటాడు.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ దగ్గరికి వద్దాం. ఈసీలో ఏమీ లేదంటే టైటిల్ శుభ్రంగా ఉన్నట్టేనన్న నమ్మకం జనంలో బాగా ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నమోదవుతాయి. ఈసీ ఆ పుస్తకం సూచికల నుంచి వస్తుంది. వీలునామా రిజిస్టరు చేయించినా మూడో పుస్తకంలోకి పోతుంది కాబట్టి ఈసీలో కనబడదు. కోర్టు దావా కనబడదు. నోటిమాటగా జరిగిన పంపకం కనబడదు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే మొదలవుతుంది. అంతకు ముందరివి ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఈసీలో ఉన్నవాటిని ఎవరైనా చదువుతారు. లేనివాటిని చదవడమే ఈ వృత్తిలో అసలు విద్య.

ఉదాహరణ చెబుతాను. 1978లో తండ్రి కొన్నాడు. 1999లో కొడుకులు అమ్మారు. మధ్యలో ఈసీలో ఒక్క ఎంట్రీ లేదు. అంటే తండ్రి పోయాడు, కాగితం పుట్టలేదు. ఇక్కడే ఆయన ప్రశ్నలు మొదలవుతాయి. ఆ పెద్దాయనకు సంతానం ఎందరు? భార్య అప్పటికి బతికే ఉందా? తల్లి? వీలునామా రాశాడా? సొంత సంపాదనతో కొన్నాడా, పిత్రార్జితం అమ్మిన డబ్బుతో కొన్నాడా? స్వార్జితమై, వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్లకూ, భార్యకూ, తల్లికీ వాటా వస్తుంది. పిత్రార్జితమైతే లెక్క వేరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకే అది వర్తించింది. కాబట్టి పెళ్లి ఎప్పుడైందో కూడా అడగాలి. ఆపైన 2005 నాటి కేంద్ర సవరణ, దాని మీద 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూసుకోవాలి. దస్తావేజు మీద ముగ్గురు అన్నదమ్ముల సంతకాలుండి, ఆడపడుచు పేరే లేకపోతే, కొనేవాడికి కనిపించేది మూడు సంతకాలు. లాయరుకు కనిపించేది నాలుగో సంతకం లేకపోవడం.

అమ్మిననాటికి ఆ కొడుకుల్లో ఒకడికి పదిహేనేళ్లు అయివుంటే ఇంకో చిక్కు. మైనరు స్థిరాస్తిని అమ్మాలంటే సహజ సంరక్షకుడైనా కోర్టు అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే మేజరయ్యాక మూడేళ్లలోగా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకునే హక్కు అతనిది. వయసులు లెక్కగట్టి, ఆ మూడేళ్లు దాటిపోయాయని తేల్చి రాసిన ఒపీనియన్ చదివితే కొనేవాడికి నిద్ర పడుతుంది.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ఉత్త జీపీఏతో హక్కు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీపీఏ ఇచ్చినవాడు అమ్మకంనాటికి బతికే ఉన్నాడా అన్నది లాయరు వెంటనే అడిగే మాట.

భూమి పుట్టుకను చదవడం ఇంకా కష్టమైన పని. ఆంధ్ర జిల్లాల్లో బ్రిటిషు కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు తీస్తే కొన్ని సర్వే నంబర్లకు ఎదురుగా పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో పేరు బదులు చుక్కలుంటాయి. అవే చుక్కల భూములు. ఆ చుక్కల చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. పేదలకు ఇచ్చిన అసైన్డ్ పట్టా అయితే 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించింది. నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. తెలంగాణలో దారి వేరు. అక్కడ తొలి సర్వే రికార్డైన సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలి. రక్షిత కౌలుదారుకు 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చారా, ఇనాం భూమైతే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ (ఓఆర్‌సీ) ఉందా చూడాలి. ధరణి పోయి భూభారతి వచ్చినా ఈ పాత కాగితాల అవసరం తగ్గలేదు. సేత్వార్‌ను చేతబట్టుకుని నేటి సబ్‌డివిజన్ నంబరు దాకా తెగకుండా తీసుకురాగల లాయర్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇన్ని కాగితాలు చూశాక కూడా మంచి లాయరు ‘ఒరిజినల్స్ చూపించండి’ అంటాడు. జిరాక్సులతో సరిపెట్టుకోడు. నోటిఫై అయిన పట్టణాల్లో దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేస్తే చాలు, తనఖా ఏర్పడిపోతుంది. కొన్నిసార్లు దాని జాడ ఈసీలో ఉండదు. ఒరిజినల్ పోయిందంటే ఎప్పుడు, ఎక్కడ, పోలీసులకు చెప్పారా, పేపర్లో ప్రకటన వేశారా అని ఆరా తీస్తాడు. కోర్టు కేసులు వెతుకుతాడు, ఎందుకంటే దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. స్థలం మీద ఎవరున్నారో చూసి రమ్మంటాడు. అక్కడ ఎవరైనా కాపురముంటే, వారి హక్కు గురించి కొనేవాడికి తెలిసినట్టే లెక్కగడుతుంది చట్టం.

ఇక చివరి పేరా. ఫారం నింపినట్టు రాసే ఒపీనియన్లు చాలా ఉన్నాయి. పేరూ సర్వే నంబరూ మార్చితే ఏ ఊరికైనా సరిపోతాయి. అవి నా దృష్టిలో కొనేవాడికి చేసే అన్యాయం. మంచి ఒపీనియన్ షరతులతో ముగుస్తుంది: ఫలానా కూతురు కూడా దస్తావేజులో చేరాలి, ఫలానా తనఖాకు చెల్లు రసీదు రిజిస్టరు కావాలి, ఫలానా హద్దు సర్వే చేయించాలి. ఏది చేస్తే టైటిల్ నిలబడుతుందో చెప్పడం, నిలబడకపోతే వద్దని నిర్భయంగా రాయడం దాని గొప్పతనం.

అయితే ఇదంతా అగ్రిమెంటుకు ముందు జరగాలి. అడ్వాన్సు ఇచ్చేశాక వెళితే, అప్పటికే ఇరుక్కున్న మనిషిని బయటికి లాగే పని పడుతుంది ఆయన మీద. అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తి మీద మీకు హక్కు ఇవ్వదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీరు అడిగితే తన దగ్గరున్న హక్కు పత్రాలన్నీ పరిశీలనకు చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిదని 55వ సెక్షన్ చెబుతోంది. మొహమాటపడకుండా అడగండి. ఆ కాగితాల కట్టను మీ లాయరు చేతిలో పెట్టండి, ఆయనకు కావలసిన వారం పదిరోజులూ ఇవ్వండి, ఫీజు దగ్గర బేరమాడకండి. ఆయన రాసిచ్చిన ప్రతి పేజీ చదివాకే పెన్ను తీయండి.